చలిసీమలలో పశుగ్రాసము

(మన సాంస్కృతిక సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

నేటి సభలో నన్ను ప్రసంగింపుమని కోరినప్పుడు మన కార్యదర్శిగారు నానుండి ప్రబంధములను గూర్చియో, పదకవితను గూర్చియో నాలుగు మాటలు ఆశించిరని నేనెరుగుదును. చరిత్రయు, తెలుగును పాఠ్యాంశములుగా బి.ఏ. చదివినవాడను గనుక వారి ఆశ న్యాయమైనదే. కాని నేను “గడ్డిని గూర్చి మాట్లాడెదను” అనగా వారు కొంచెముసేపు మౌనము వహించి, “గడ్డియా?” అని యడిగి, పిమ్మట మర్యాదకొరకు “మంచిది, అట్లే కానిండు” అనిరి. వారి ఔదార్యమునకు కృతజ్ఞుడను. నేను వ్యవసాయ శాస్త్రజ్ఞుడను కాను. కాగితములమీద వ్యవసాయమును చూచిన వాడను. అందుచేత జరిగిన ఒక పొరపాటును కూడ ఈ సభలో చెప్పుకొనవలెనని వచ్చితిని.

ముందుగా మా ఊరి మాట. మాది అనంతపురము ప్రాంతము. నా చిన్ననాట ఒక యేడు వానలు పోయినవి. జొన్న మోకాలెత్తున మాడిపోయెను. పెరటిలోని చొప్పవామి సంక్రాంతినాటికి మనిషి యెత్తు, శివరాత్రినాటికి నా యెత్తు, ఉగాదినాటికి నేలమట్టము. ఆ తరువాత మా నాయన ఇంటి ఎడ్లజతను సంతకు తోలుకొనిపోయి అమ్మివచ్చెను. ఆ రాత్రి ఆయన గాడిపాడును శుభ్రముగా ఊడ్చి, అక్కడనే చాలసేపు కూర్చుండెను. ఎడ్లు లేని గాడిపాడును ఎందుకు ఊడ్చుచున్నాడో నాకప్పుడు తెలియలేదు. నీరు లేక పశువు పోయినదని జనులందురు. నిజమునకు పశువు పోవునది గడ్డి లేక. వాన లేకపోవుట దానికొక కారణము మాత్రమే. చలి యింకొక కారణము.

చలిదేశములలో కరవు ప్రతి సంవత్సరమును వచ్చును. దానికి నియమమైన తిథి గలదు. లడఖ్‌లోని లేహ్ పట్టణము సుమారు 3,500 మీటర్ల యెత్తున నున్నది. అక్కడ సంవత్సరమునకు పడు వానయు మంచును కలిపినను ఇంచుమించు 100 మిల్లీమీటర్లు. కరవుసీమయని పేరుపడిన మా అనంతపురమునకే 550 మిల్లీమీటర్లు గలదు. ఇక చలియందురా, సున్నకు దిగువ 20 డిగ్రీలు అక్కడ వింత కాదు. తూర్పున చాంగ్‌థాంగ్ పీఠభూమి ఇంకను ఎత్తైనది, ఇంకను చల్లనిది. మనము పెండ్లిండ్లలో కప్పుకొని మురిసిపోవు పష్మినా శాలువ అక్కడి మేకల కడుపునుండి పుట్టినదే. చలికి తాళుటకై ఆ మేక తన చర్మమునంటి పెంచుకొను మెత్తని నూగే ఆ ఉన్ని. ఆ మేక చలికి చావదు, ఆకలికి చచ్చును. గడ్డిమీద మంచు గట్టిగా పేరుకొనినచో గిట్టలతో త్రవ్వుకొనలేక, ఒంటిలోని క్రొవ్వు తరిగి, ఆపై చలికి లోబడును.

మంగోలియా దేశస్థులు ఈ విపత్తునకు ‘జుద్’ అని పేరు పెట్టినారు. లోతుగా మంచు కప్పినచో తెల్ల జుద్. మంచే పడక త్రాగునీరు దొరకనిచో నల్ల జుద్. కరగిన మంచు మరల గడ్డకట్టి నేలపై ఇనుపరేకు పరచినట్లైనచో ఇనుప జుద్. ఒక ఆపదకు ఇన్ని పేర్లు గలవనిన, ఆ జాతి దానిచేత ఎన్ని దెబ్బలు తినినదో ఊహింపవచ్చును. 2009–10 శీతకాలమున అక్కడ సుమారు 1 కోటి పశువులు, అనగా దేశపు పశుసంపదలో అయిదవవంతుకు మించి నశించినవి. 2023–24 లో మరల 70 లక్షలకు పైగా నశించినవి. వేసవిలో వానలు చాలక బక్కచిక్కిన మందకు శీతకాలము కఠినమైనచో జుద్ తప్పదు. కావున చలికాలపు చావునకు బీజము వేసవిలోనే పడును. దానిని తప్పించు ఉపాయమును కూడ వేసవిలోనే చేసికొనవలెను.

ఆ ఉపాయములలో ముఖ్యమైనది ధాన్యపు పైరును మేతకొరకు పెంచుట. రై, గోధుమ, యవలు, ఓట్లు – ఇవన్నియు మన వరికి దాయాదులే, గడ్డి కుటుంబములోనివే. గింజకొరకు పెంచినచో మనకు అన్నము. గింజ ముదురకముందే కోసినచో పశువునకు అన్నము. ‘రై’ యనగానే మా యింటిలో ఆవాలనుకొనిరి. ఢిల్లీ నీళ్లు త్రాగినవారికి ఆ భ్రాంతి సహజము. ఇది ఆవ కాదు. ఐరోపావాసులు నల్లరొట్టె చేసికొను ధాన్యము.

చలిసీమలలో ఈ పైరులను పెంచుటకు రెండు మార్గములు గలవు. మొదటిది శరత్కాలమున విత్తి మంచు క్రింద నిద్రపుచ్చుట. రెండవది వసంతమున విత్తి, శీతము రాకముందే కోసి దాచుట.

మొదటి మార్గము చిత్రమైనది. సెప్టెంబరులో విత్తిన రై మొలక ఆకు లెత్తి, కొంచెము పిలకవేయునంతలో చలి మొదలగును. ఆ చలి క్రమముగా వచ్చినచో మొక్క దానికి అలవాటుపడును. కణములలో నీరు తగ్గించుకొని, చక్కెరలు కూడబెట్టుకొనును. మొక్క ప్రాణమంతయు నేలకు రెండు మూడు సెంటిమీటర్ల లోతున నున్న మొదలులో దాగియుండును. పైన ఆకులు మాడిపోయినను ఆ మొదలు బ్రతికినచో పైరు బ్రతికినట్లే. ఇట్లు గట్టిపడిన రై సున్నకు దిగువ 25 డిగ్రీల చలిని కూడ తట్టుకొనగలదు. దాని తరువాత రై–గోధుమల సంకరమైన ట్రిటికేల్, అటుపిమ్మట శీతకాలపు గోధుమ, ఆపై యవలు, అన్నిటికంటె సుకుమారి ఓట్లు.

మంచు పైరును చంపునని మనవంటి దక్షిణాదివారు తలంతుము. నిజమునకు వదులుగా పడిన మంచు పైరునకు దుప్పటి. క్రింది నేల వేడిని బయటికి పోనీయదు. పైన గాలి ప్రాణాంతకముగా నున్నను, అడుగు మంచు క్రింద మొక్క హాయిగా నిద్రించును. మంచులేని ఎండుచలియే పైరునకు యముడు. అట్లని దుప్పటి మరీ ఎక్కువ కాలము కప్పియున్నను కీడే. దానిక్రింద బూజు తెగులు పుట్టి మొక్కను క్రుళ్లజేయును.

ఈ పైరులకు చలి ఓర్చుకొనవలసిన కష్టము మాత్రమే కాదు, అవసరము కూడ. కొన్నివారములు చలిని అనుభవింపనిదే శీతకాలపు గోధుమగాని, రైగాని వెన్ను తీయదు. 1918 లో గస్టావ్ గాస్నర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనిని ప్రయోగములచే నిరూపించెను. మేతరైతు ఈ స్వభావమును తెలివిగా వాడుకొనును. శీతకాలపు రకమును వసంతమున విత్తినచో, దానికి చలి తగులలేదు గనుక, కంకి తీయక వేసవియంతయు ఆకులే వేయుచుండును. గింజరైతునకు నష్టమైనది మేతరైతునకు లాభము. అమెరికాలోని ఓక్లహోమా, టెక్సస్ ప్రాంతములలో ఒకే గోధుమ పొలమును శీతకాలమంతయు పశువులచే మేపించి, వసంతమున మందను తోలివేసి, వేసవిలో గింజ పండించుకొందురు. లోపల కాండము బోలుగా లేచుట మొదలుకాగానే మందను తీసివేయవలెను. ఒక వారము ఆలస్యమైనను గింజ తరిగిపోవును. ఈ వారము సంగతి జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనికి వచ్చెదను.

రై చరిత్ర కూడ వినదగినది. ఇది ఆదిలో పంట కాదు; గోధుమ పొలములలో కలుపు. గోధుమ విత్తనములతో కలిసి అదియు చలిదేశములకు, ఎత్తైన కొండలకు ప్రయాణము చేసెను. పైకి పోయినకొలది గోధుమ చచ్చినది, కలుపు మిగిలినది. చివరకు రైతు ఆ కలుపునే పంటగా స్వీకరించెను. ఓట్ల కథయు ఇంచుమించు ఇట్టిదే. ఈ విషయమును విశదపరచినవాడు నికొలాయ్ వావిలోవ్ అను రష్యను శాస్త్రవేత్త. లోకమంతయు తిరిగి విత్తనములు సేకరించిన ఆ మహనీయుడు పాలకుల ఆగ్రహమునకు గురియై 1943 జనవరిలో సరాటోవ్ చెరసాలలో మరణించెను. ఆ కాలముననే లెనిన్‌గ్రాడ్ నగరము ముట్టడిలో నుండగా, ఆయన కూర్చిన విత్తన భాండారమును కాచుచున్న సంస్థ ఉద్యోగులలో కొందరు ఆకలిచే ప్రాణములు విడిచిరి. చుట్టును ధాన్యపు సంచులుండగా వారు గింజను ముట్టలేదు. మనవలె నెలజీతము పుచ్చుకొను ఉద్యోగులే వారును.

ఇక రెండవ మార్గము. లడఖ్‌వంటి ఎండుచలి సీమలలో ఇదియే ప్రధానము. అక్కడ దుప్పటివలె కప్పునంత మంచు లోయలలో పడదు. సంవత్సరమునకు ఒకటే పంట. వసంతమున మంచుకొండలు కరగి నీరు కాలువలలోనికి దిగినప్పుడు విత్తుట. సెప్టెంబరు తుషారమునకు ముందే కోయుట. ఊరి నీటివంతులను నిర్ణయించుటకు ‘చుర్పోన్’ అను పెద్ద యుండును. యవల గింజ మనుష్యులకు, గడ్డి పశువులకు. ‘ఓల్’ అని వారు పిలుచు లూసర్నును కోసి, ఎండబెట్టి, మోపులు కట్టి మిద్దెలమీద పేర్చుదురు. ఆ మోపులు ఇంటికి చలిని కూడ కొంత ఆపును. మన ఊళ్లలో వామిని చూచి ఇంటి కలిమిని ఊహించినట్లు, అక్కడ మిద్దెను చూచి రాబోవు శీతకాలమును ఊహింపవచ్చును. ఇటీవలి దశాబ్దములలో దీనికి ఓట్లు తోడైనవి. ఓట్లకు చల్లని వేసవి ప్రియము. ఆకు మెత్తన, కాడ తియ్యన. మైదానములలో నిదే ఓట్లను అక్టోబరు–నవంబరులలో విత్తి, రెండు నెలలకు ఒక కోత కోసి, మోడునుండి చిగిర్చినదానిని మరల కోయుదురు. ఢిల్లీ శివార్లలో పాడివాండ్రు చలికాలమున ‘జై’ అని బండ్లమీద తెచ్చు పచ్చిమేత ఇదియే. 1962 లో ఝాన్సీలో స్థాపింపబడిన గడ్డిభూముల, పశుగ్రాస పరిశోధన సంస్థ ఇట్టి పైరులమీదనే పనిచేయుచున్నది.

కోయవలసిన సమయమును గూర్చి ఒక మాట. పైరు పొట్టకు వచ్చినప్పుడు కోసినచో మేతలో మాంసకృత్తులు హెచ్చు, బరువు తక్కువ. గింజ పాలుపోసికొని పిండికట్టునప్పుడు కోసినచో బరువు హెచ్చు, మాంసకృత్తులు తక్కువ. పాడిపశువునకు మొదటిది మేలు. శీతకాలము గడుపవలసిన మందకు రెండవది చాలును. యవలను కోయుచో మీసములు గరుకెక్కకముందే కోయవలెను. లేనిచో పశువు నోరు పుండగును. కెనడాలో మరియొక పద్ధతి గలదు. ఓట్లనో యవలనో కొంచెము ఆలస్యముగా విత్తి, సెప్టెంబరులో కోసి, పొలములోనే వరుసలుగా విడిచిపెట్టుదురు. ఆవులు మంచును ముట్టెలతో త్రోసికొని ఆ వరుసలనే శీతకాలమంతయు మేయును. మోసికొనివచ్చు కూలి మిగులును.

ఇందు ప్రమాదమును గలదు. వానలేమిచేతనో, తుషారముచేతనో ఎదుగుదల నిలిచిన ఓట్లలో నైట్రేటు పేరుకొనును. ఆకలిగొన్న పశువు దానిని కడుపునిండ మేసినచో, కడుపులో నది నైట్రైటుగా మారి, రక్తము ప్రాణవాయువును మోయలేనిదై గోధుమవన్నెకు తిరుగును. పశువు గంటలలో కూలిపోవును. ఎండబెట్టినంతమాత్రమున ఈ విషము పోదు. పాతర వేసినచో కొంత తగ్గును. మన రైతులకు దీని దాయాదిని గూర్చి తెలియును. ఎండదెబ్బ తినిన లేత జొన్నను, కోత తరువాత వచ్చిన పిలకను మేసిన పశువు ‘నాము’ తగిలి పడిపోవునని మా నాయన మమ్ము హెచ్చరించెడివాడు. అది సయనైడు విషము, ఇది నైట్రేటు విషము. విషములు వేరైనను, కష్టకాలమున పైరు తన బాధను తనలోనే దాచుకొని తినినవారికి పంచునన్న సంగతి రెండింటికిని ఒక్కటే.

ఇక నా పొరపాటు. కొన్ని సంవత్సరములక్రిందట నేను పనిచేసిన ఒక కార్యాలయమునకు – దాని పేరు ఇక్కడ అనవసరము – హిమాలయ ప్రాంతమునుండి ఒక ప్రతిపాదన వచ్చెను. కొన్ని గ్రామములకు మేత ఓట్ల విత్తనము కావలెను. మొత్తము స్వల్పము. ప్రతిపాదన అక్టోబరు మొదటి వారమున నా బల్లమీదికి చేరెను. అందులో “విత్తు కాలము: మే” అని స్పష్టముగా నుండెను. నేను చదివి, “విత్తనము మే నెలలో గదా అవసరము, ఇప్పుడు త్వరపడ నవసరము లేదు, రెండు అంశములపై వివరణ కోరవచ్చును” అని చక్కని ఆంగ్లములో వ్రాసి పంపితిని. ఆ వ్రాతలో వ్యాకరణ దోషము లేదు, నిబంధనల అతిక్రమణము లేదు. వివరణ డిసెంబరులో వచ్చెను. మంజూరు జనవరిలో జరిగెను. నేను తృప్తిపడితిని, మే నెలకు ఇంకను నాలుగు నెలలుండెను.

నాకు తెలియనిది ఒక్కటే. ఆ ఊళ్లకు పోవు కనుమదారి నవంబరులో మంచుతో మూసికొని, మరల వేసవి మొదలైన తరువాతగాని తెరవబడదు. మేలో విత్తవలసిన గింజ అక్టోబరులోనే కొండ దాటవలెను. విత్తనము జూలై మొదటివారమున ఊరు చేరెను.

సెప్టెంబరు చివర తనిఖీకి నేనే పోయితిని. ఒక ముదుసలి రైతు నన్ను తన పొలమునకు తీసికొనిపోయెను. పైరు మోకాలెత్తున నుండెను. అప్పటికే రెండు తుషారములు పడినవట. ఆకుకొనలు తెల్లబారియుండెను. నేను మా అనంతపురము జొన్నచేనిలో నిలిచినట్లే తోచెను. అతడు నాపై కోపింపలేదు. తనకు వచ్చిన కొద్దిపాటి హిందీలో, “సాహెబ్, విత్తనము మంచిదే. మంచి మొలక వచ్చినది. రెండు నెలలు ముందు వచ్చియుంటే పొట్టకు వచ్చెడిది” అనెను. అంతే.

మిద్దెమీద మోపులు సగమే యుండెను. శీతకాలమునకు ముందు అక్కడివారు మేతను లెక్కించి, ఆ మేతకు సరిపోవు పశువులనే ఉంచుకొని మిగిలినవానిని అమ్మివేయుదురు. అతని పాలపశువు ఒక జోమో, అనగా ఆవుకును జడలబఱ్ఱెకును పుట్టిన సంకరజాతి పెయ్య. దానిని ఆ వారముననే అమ్మినాడట. క్రింది కొట్టములోనికి చూచితిని. ఎవరో దానిని శుభ్రముగా ఊడ్చియుంచిరి.

నేను నా నోటును గూర్చి అతనితో చెప్పలేదు. చెప్పుటకు ధైర్యము చాలలేదు. అందుచేత ఇన్నాళ్లకు మీ యెదుట చెప్పుచున్నాను.

అదే లడఖ్‌లో చేవాంగ్ నోర్‌ఫెల్ అను ప్రభుత్వ ఇంజనీరు ఒకరుండిరి. అక్కడి బాధ నీరు లేకపోవుట మాత్రమే కాదని ఆయన గుర్తించెను. శీతకాలమున ఎవరికిని అక్కరలేని నీరు వాగులలో వ్యర్థముగా పోవుచుండెను. వసంతమున విత్తుటకు కావలసినప్పుడు పై మంచుకొండ ఇంకను కరగలేదు. ఆయన ఆ శీతకాలపు నీటిని ఊరికి దగ్గరగా, కొండనీడలో చిన్న అడ్డుగోడలచే నిలిపి గడ్డకట్టనిచ్చెను. క్రిందిభాగమున నున్నందున ఆ మంచు ముందుగా కరగి విత్తు సమయమునకు పొలము చేరెను. 1987 లో మొదలైన ఈ కృత్రిమ హిమానీనదములకు గుర్తింపుగా 2015 లో ఆయనకు పద్మశ్రీ లభించెను. ఆయన క్రొత్త నీటిని సృష్టింపలేదు. ఉన్న నీటిని అదనుకు అందించెను. నేను ఉన్న విత్తనమును అదను తప్పించితిని. ఇద్దరమును ప్రభుత్వోద్యోగులమే.

మన రైతులకు రెండు మాటలు గలవు: పదును, అదను. పదును నేలకు సంబంధించినది, అదను కాలమునకు సంబంధించినది. ఈ రెండును కుదిరినప్పుడే గింజ వేయుదురు. ఈ మాటలు నేను బాల్యము నుండియు వినినవే. కాని కార్యాలయములో ప్రవేశించునప్పుడు, ఎందువల్లనో, వానిని ఊరిలోనే విడిచివచ్చితిని. ఫైలుకు గడువు మాత్రమే యుండునని, అదను ఉండదని తలంచితిని. ఆ తనిఖీ తరువాత నేనొక చిన్న అలవాటు చేసికొంటిని. నా చేతికి వచ్చిన ప్రతి ప్రతిపాదనపై, ఆ వస్తువు ఎప్పటికి కావలెనో గాక, ఎప్పటికి బయలుదేరవలెనో ప్రక్కన పెన్సిలుతో వ్రాసికొందును. ఇది గొప్ప సంస్కరణ కాదు, పెన్సిలు గీత.

మరుసటి యేడు ఆ విత్తనము సెప్టెంబరులోనే కొండ దాటెను. తరువాతి శరత్తులో అక్కడి ఉద్యోగి యొకరు ఫోనులో ఒక చిత్రమును పంపిరి. ఆ ముదుసలి మిద్దె అంచుల వెంబడి మోపులు పేర్చియున్నవి. వాని ఆకుపచ్చదనము ఇంకను పూర్తిగా పోలేదు. జోమో సంగతి నేనడుగలేదు, వారును వ్రాయలేదు. అమ్మిన పశువు తిరిగి రాదని నాకు అనంతపురములోనే తెలియును.

సోదరీ సోదరులారా! మనలో చాలమంది కాగితములతో జీవించువారము. మన చేతులలోనుండి పోవు కాగితము చివర ఎవరి గాడిపాడో, ఎవరి మిద్దెయో యుండును. దానిని చూచు అవకాశము మనకు తరచుగా రాదు. నాకు ఒక్కసారి వచ్చినది. పిల్లలారా, మీరు రేపు ఉదయము ఓట్ల జావను చూచి మొగము చిట్లించునప్పుడు, ఆ మొక్క మంచుసీమలో ఒక మేకను బ్రతికించునని జ్ఞాపకముంచుకొని, గిన్నె ఖాళీ చేయుడు. మీ తల్లులు నన్ను దీవింతురు.